వ్యాను కింది డబ్బా: ఉంచాలా, తీసెయ్యాలా?

కట్టెల పొయ్యి పొగ మనకు బాగా తెలుసు. కళ్ళు మండుతాయి. దగ్గు వస్తుంది. గోడలు నల్లబడతాయి. పొగ కంటికి కనిపిస్తుంది కాబట్టి తలుపు తీస్తాం, కిటికీ తీస్తాం. పొయ్యి మీద గొట్టం కట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు.

బండి పొగ అన్నిసార్లూ కనిపించదు. పాత లారీ నల్లపొగ వదిలితే చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాం. పెట్రోలు వ్యాను, కారు, ఆటో వెనక మాత్రం అట్లా చేయం. పొగ కనిపించదు కదా! కానీ వాటి గొట్టం నుంచి కూడా విషవాయువులు వస్తాయి. వాటిని తగ్గించడానికి బండి కింద ఒక ఇనుప డబ్బా ఉంటుంది. దాని పేరు క్యాటలిటిక్ కన్వర్టరు. షెడ్డుల్లో "కన్వర్టరు" అంటే చాలు.

బండి పాతబడ్డాక షెడ్డులో ఒక మాట వినిపిస్తుంది. "కన్వర్టరు తీసేద్దాం. బండి ఊపందుకుంటుంది. పెట్రోలు మిగులుతుంది." ఈ మాట వినాలా, వద్దా?

మాకు బండి లేదు, ఈ పాఠం మాకెందుకు అనుకోకండి. బండి లేకపోయినా గాలి పీల్చేది మనమే. పైగా ఈ రోజుల్లో సంఘం అప్పులతో ఆటోలు, వ్యాన్లు కొంటున్న ఇళ్ళు ఎన్ని లేవు!

వ్యాను వదిన కష్టం

మదనపల్లె దగ్గర ఒక పల్లె అనుకోండి. అక్కడ ఒకామెను అందరూ వ్యాను వదిన అని పిలుస్తారు. ఆమె, ఆమె భర్త కలిసి ఒక పాత పెట్రోలు వ్యాను కొన్నారు. 2012 మోడలు. సంఘంలో అప్పు తీసుకున్నారు. తెల్లవారుజామున టమాటా క్రేట్లు మదనపల్లె మార్కెట్టుకు వేసుకుపోతారు. ఆయన నడుపుతాడు. ఆమె పక్కన కూర్చుని లెక్కలు చూసుకుంటుంది. తిరిగి వచ్చేటప్పుడు కిరాణా సరుకులు తెస్తారు.

కొన్నాళ్ళుగా వ్యాను మిట్ట ఎక్కడం లేదు. పెట్రోలు ఎక్కువ తాగుతోంది. ఎఫ్.సి. చేయించే రోజు దగ్గర పడింది. ఎఫ్.సి. అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికివస్తుందని ఇచ్చే కాగితం. పసుపు బోర్డు బండికి ఎనిమిదేళ్ళు దాటితే ఏటా చేయించాలి. దానికి ముందు పొల్యూషను సర్టిఫికెట్టు కావాలి. పొల్యూషను పరీక్ష చేయిస్తే బండి ఫెయిలయింది.

టౌనులో మెకానిక్కు కింద పడుకుని చూశాడు. "కన్వర్టరు మూసుకుపోయింది. కోసేసి తిన్నగా పైపు వెల్డింగు చేస్తా. కూలి కూడా వద్దు. ఆ పాత డబ్బా నాకు వదిలేయండి, చాలు" అన్నాడు.

భర్త సరేనన్నాడు. వదిన మాత్రం "రేపు చెప్తాం" అని ఇంటికి తీసుకొచ్చింది. ఎందుకు? ఆమెకు ఒక్కటే అనుమానం. కూలి వద్దనే మెకానిక్కు ఎక్కడైనా ఉంటాడా?

సంఘంలో మాటలు

ఆ వారం సంఘం మీటింగులో ఆమె సంగతంతా చెప్పింది. కొత్త కన్వర్టరు వేయించాలంటే చేతిలో డబ్బు లేదు. ఈ నెల కంతు కట్టాలి.

"పైపు పెట్టించుకో వదినా. ఊళ్ళో ట్రాక్టర్లు పొగ వదలడం లేదా? లారీలు వదలడం లేదా? నీ వ్యాను ఒక్కటి మంచిగా ఉంటే లోకం బాగుపడుతుందా?" అంది ఒకామె.

ఆ మాట తీసిపారేసేది కాదు. అప్పు కట్టాల్సిన మనిషికి ఆ మాటే ముందు తోస్తుంది.

సభ్యురాలు ఒకామె కూతురు ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్కు చదువుతోంది. ఆ పిల్ల ఆ రోజు అక్కడే ఉంది. పెద్దక్క ఆమెను పిలిచింది. "నువ్వు చెప్పమ్మా. ఆ డబ్బాలో ఏముంది?"

"అత్తా, పెళ్ళిళ్ళ పేరయ్య తెలుసు కదా?" అని అడిగింది ఆ పిల్ల.

"తెలియకేం! మా పెద్దదానికి సంబంధం తెచ్చింది ఆయనే కదా."

"పేరయ్య ఏం చేస్తాడు? ఈ ఇంటి అబ్బాయిని, ఆ ఇంటి అమ్మాయిని కలుపుతాడు. తాను మాత్రం పెళ్ళి చేసుకోడు. పని కాగానే ఇంకో ఇంటికి పోతాడు. ఆ డబ్బాలో తేనెపట్టు లాంటి దిమ్మ ఉంటుంది. పింగాణీ లాంటి మట్టితో చేస్తారు. దాంట్లో సన్నసన్న గదులు వందలు, వేలు ఉంటాయి. ఆ గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే లోహాల పూత ఉంటుంది. ఇంజను నుంచి వచ్చే విషవాయువుకు, ప్రాణవాయువుకు ఆ పూత మీద పెళ్ళి జరుగుతుంది. విషం పోయి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి అవుతాయి. పూత మాత్రం అట్లనే ఉంటుంది."

"కమీషను తీసుకోదా?" అంది పెద్దక్క. అందరూ నవ్వారు.

"కమీషను అడగదు. వేడి అడుగుతుంది. సుమారు 300 డిగ్రీలు కాగితేగాని పని మొదలుపెట్టదు."

ఇక్కడ పాఠం కొంచెం ఆపుదాం. ఆ పిల్ల చెప్పిన విషవాయువు సంగతి మనం వివరంగా తెలుసుకోవాలి.

కంటికి కనిపించని వాయువు

ఇంజనులో పెట్రోలు పూర్తిగా కాలితే బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వస్తాయి. పూర్తిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దీనికి రంగు లేదు. వాసన లేదు. ముక్కు పట్టుకోలేదు, కన్ను పట్టుకోలేదు.

మన రక్తంలో ఎర్ర కణాలు ప్రాణవాయువును మోసుకుని ఒళ్ళంతా తిరుగుతాయి. కార్బన్ మోనాక్సైడ్ ఊపిరిలోకి వస్తే ఆ కణాలను అదే పట్టుకుంటుంది. ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో సీటు ముందే పట్టేసిన వాళ్ళలాగా, ప్రాణవాయువుకు చోటివ్వదు. తల నొస్తుంది. కళ్ళు తిరుగుతాయి. వాంతి వచ్చినట్టుంటుంది. ఎక్కువైతే మనిషి నిద్రలోనే పోతాడు. గర్భిణి పీలిస్తే కడుపులో బిడ్డకు కూడా ప్రాణవాయువు తగ్గిపోతుంది.

ఇది మనకు కొత్త శత్రువేమీ కాదు. చలికాలం బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపులన్నీ మూసేవాళ్ళు. కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ పెడుతున్నారు. బొగ్గుల కుంపటి నుంచి వచ్చేది కూడా ఈ వాయువే. తల్లికీ బిడ్డకూ వెచ్చగా ఉంటుందని పెట్టిన కుంపటే ప్రాణాలు తీసిన సంగతులు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. మూసిన గదిలో కుంపటి ఎంత ప్రమాదమో, మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చేసి ఉంచడం అంత ప్రమాదం. కన్వర్టరు ఉన్నా సరే అట్లా చేయకూడదు.

కన్వర్టరు ఇంకో రెండు పనులు కూడా చేస్తుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరిని కాల్చేస్తుంది. నత్రజని ఆక్సైడ్లనే ఘాటు వాయువులను విడగొట్టి మామూలు నత్రజనిగా మారుస్తుంది. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్ళను ఎక్కువ బాధపెట్టేవి ఆ ఘాటు వాయువులే.

అందుకే "నీ వ్యాను ఒక్కటి బాగుంటే లోకం బాగుపడుతుందా" అన్న మాటకు జవాబు వేరే చోట ఉంది. లోకం సంగతి తర్వాత. ఆ గాలి ముందుగా ఎవరు పీలుస్తారు? వ్యానులో కూర్చున్న వదిన. మార్కెట్టులో వ్యాన్ల వెనక కింద కూర్చుని టమాటాలు ఏరే కూలి ఆడవాళ్ళు. కోసి అతికించిన పైపు అతుకు దగ్గర లీకైతే ఆ వాయువు వ్యాను నేల కన్నాల్లోంచి లోపలికే వస్తుంది. పాత వ్యాన్ల నేల ఎట్లా ఉంటుందో మనకు తెలియనిదా!

మీ బండికి ఈ డబ్బా ఉందా?

అన్ని బండ్లకూ ఉండదు. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు ఉండాలన్నారు. అప్పటిదాకా పెట్రోలులో సీసం కలిపేవాళ్ళు. సీసం ఆ పూతను కప్పేస్తుంది. పేరయ్య ముఖాన గుడ్డ కప్పినట్టే. అందుకని సీసం లేని పెట్రోలు కూడా అప్పుడే తెచ్చారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. సీసం పిల్లల మెదడుకు చేటు. అది పోవడం మనకు దొరికిన పెద్ద మేలు.

తర్వాత భారత్ స్టేజ్ అనే కొలతలు వచ్చాయి. బి.ఎస్. అని రాస్తారు. అంకె పెరిగేకొద్దీ కట్టుదిట్టం పెరుగుతుంది. 2010లో దేశమంతటికీ బి.ఎస్. 3 వచ్చింది. హైదరాబాదు లాంటి 13 నగరాలకు ఆ ఏడాదే బి.ఎస్. 4 వచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బి.ఎస్. 4. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6. మధ్యలో 5 ఏమైంది అంటారా? దాన్ని దాటేసి నేరుగా 6కు పోయారు.

వదిన వ్యాను 2012లో పల్లె వైపు అమ్మినది. కాబట్టి బి.ఎస్. 3. దానికి కన్వర్టరు ఉంది.

కార్బురేటరు ఉన్న బాగా పాత కారుకో, జీపుకో మొదటి నుంచీ ఈ డబ్బా లేకపోవచ్చు. లేని బండికి డబ్బు పోసి బిగించుకోవాల్సిన పని లేదు. బిగించినా అది సరిగా పనిచేయదు. అట్లాంటి బండికి ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, కార్బురేటరు ట్యూనింగు చూసుకుంటే అదే పెద్ద మేలు. ఇంజను పై నుంచి గాలి ఫిల్టరు దగ్గరికి ఒక చిన్న రబ్బరు పైపు పోతుంది. లోపలి ఆయిలు ఆవిరిని మళ్ళీ ఇంజనులోకే పంపి కాల్పించే పైపు అది. కొందరు దాన్ని ఊడబీకి కిందికి వేలాడదీస్తారు. అది కూడా పొగ తగ్గించే సామానే. ఉండనివ్వండి.

డీజిలు బండ్ల కథ వేరు. కొత్త వాటిలో మసిని పట్టే జల్లెడలు, ఇంకా ఏవేవో ఉంటాయి. వాటిని కూడా పీకేసే మెకానిక్కులున్నారు. దాని గురించి చెప్పాలంటే ఇంకో పాఠం కావాలి.

మూసుకుపోయిందంటే ఎందుకు మూసుకుపోయింది?

మళ్ళీ సంఘం మీటింగుకు వద్దాం.

"కన్వర్టరు తీస్తే బండి ఊపందుకుంటుందన్నాడు. అబద్ధమా?" అని అడిగింది వదిన.

"అబద్ధం కాదత్తా. సగం నిజం" అంది ఆ పిల్ల. "గొట్టం మూసుకుపోతే ఇంజను ఊపిరి వదల్లేదు. అడ్డం తీస్తే ఊపు వస్తుంది. బాగున్న కన్వర్టరు తీస్తే మాత్రం వ్యానుకు తెలిసేంత ఊపు ఏమీ రాదు. అసలు సంగతి వేరే ఉంది. అది దానంతట అది మూసుకుపోదు. ఇంజనులో ఏదో జబ్బు ఉంటేనే మూసుకుపోతుంది."

ఆ జబ్బులు ముఖ్యంగా రెండు. ఒకటి, ప్లగ్గు సరిగా నిప్పు వేయకపోవడం. అప్పుడు పెట్రోలు కాలకుండా కన్వర్టరులోకి పోతుంది. అక్కడ కాలుతుంది. వేడి పట్టలేక తేనెపట్టు కరిగి ముద్దవుతుంది. రెండోది, ఇంజను ఆయిలు తాగడం. ఆయిలు బూడిద గదులను పూడ్చేస్తుంది. ఆయిలు తాగే ఇంజను గొట్టం నుంచి నీలం రంగు పొగ వస్తుంది. డిప్ స్టిక్కు తీసి చూస్తే ఆయిలు తరిగిపోతూ ఉంటుంది. ఇది మనమే చూసుకోవచ్చు.

కన్వర్టరు కోసి పారేస్తే ఆ జబ్బు పోతుందా? పోదు. పెట్రోలు వృథాగా పోతూనే ఉంటుంది. జ్వరం చూసే గొట్టాన్ని విరగ్గొడితే జ్వరం తగ్గదు కదా.

మర్నాడు వదిన, ఆమె భర్త ఇంకో షెడ్డుకు పోయారు. ఆ పిల్ల చెప్పినట్టు ముందు ప్లగ్గులు చూడమన్నారు. ఒక ప్లగ్గు నల్లగా తడిగా ఉంది. దాని వైరు చిట్లి ఉంది. ప్లగ్గులన్నీ, ఆ వైరు, ఎయిర్ ఫిల్టరు మార్చారు. మళ్ళీ పొల్యూషను పరీక్షకు పోయారు.

ఇంగ్లీషు కాగితం, మనకొచ్చిన అంకెలు

ఆ పరీక్ష ఎట్లా చేస్తారు? ఇంజను నడుస్తుండగా సైలెన్సరు గొట్టంలో ఒక కడ్డీ పెడతారు. మిషను వాయువులను కొలుస్తుంది. కాగితం అచ్చవుతుంది.

కాగితంలో మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. భయపడకండి. అంకెలు మనకొచ్చినవే. ముందు బండి నంబరు చూడండి. మన బండిదేనా? తర్వాత తేదీలు చూడండి. పరీక్ష చేసిన తేదీ ఒకటి, గడువు తీరే తేదీ ఒకటి. బి.ఎస్. 3 దాకా ఉన్న బండికి ఆరు నెలలు గడువు. బి.ఎస్. 4, బి.ఎస్. 6 బండ్లకు ఏడాది.

తర్వాత రెండు కొలతలు ఉంటాయి. ఒకటి సి.ఓ. అంటే కార్బన్ మోనాక్సైడ్. నూటికి ఎంత అని రాస్తారు. రెండోది హెచ్.సి. అంటే కాలని పెట్రోలు. పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళు అని రాస్తారు. ప్రతి కొలత పక్కన రెండు అంకెలు ఉంటాయి. ప్రభుత్వం ఒప్పుకునే హద్దు ఒకటి, మన బండి కొలత ఒకటి. మన అంకె హద్దు కన్నా తక్కువ ఉండాలి.

బి.ఎస్. 2, బి.ఎస్. 3 నాలుగు చక్రాల పెట్రోలు బండికి సి.ఓ. హద్దు 0.5. హెచ్.సి. హద్దు 750. బి.ఎస్. 4 బండికి ఆ హద్దులు 0.3, 200. అంతకన్నా పాత, బి.ఎస్. 2 కంటే ముందటి బండ్లకు 3, 1500 దాకా ఒప్పుకుంటారు. చూశారా, ఏ బండి ఎంత శుభ్రంగా ఉండగలదో దాన్నుంచి అంతే అడుగుతున్నారు. పాత జీపును కొత్త కారులా ఉండమని ఎవరూ అనడం లేదు. దానికి కంపెనీ ఇచ్చిన సామాను పీకేయవద్దు అంటున్నారు, అంతే.

వదిన మొదటి కాగితంలో సి.ఓ. 1.9 ఉంది. ప్లగ్గులు మార్చాక 0.9కి దిగింది. సగానికి పైగా తగ్గింది. అయినా 0.5 హద్దు దాటే ఉంది. మిట్ట దగ్గర బండి ఇంకా బరువుగానే ఉంది. అంటే కన్వర్టరు నిజంగానే చెడింది. మొదటి మెకానిక్కు ఆ మాట సరిగానే చెప్పాడు.

తేలిగ్గా అయిపోలేదు చూడండి. ఖర్చు తప్పలేదు.

లెక్క

ధరలు ఊరిని బట్టి, బండిని బట్టి మారతాయి. లెక్క వేసే పద్ధతి కోసం కొన్ని అంకెలు అనుకుందాం. కొత్త కన్వర్టరు, బిగింపు కూలి కలిపి 12,000 రూపాయలు. వ్యాను మీద రోజుకు మిగిలేది 600 రూపాయలు.

కన్వర్టరు లేకుండా నిజమైన పొల్యూషను పరీక్ష గట్టెక్కడం కష్టం. ఆ కాగితం లేకపోతే ఎఫ్.సి. చిక్కు. బండి 20 రోజులు ఇంటి ముందు నిలబడితే? 600ను 20తో గుణించండి. 12,000. కన్వర్టరు డబ్బు అక్కడే పోయింది.

ఇక జరిమానా. కంపెనీ తయారు చేసిన బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. గాలి కాలుష్యం హద్దు మీరితే 190వ సెక్షను కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు వేయవచ్చు. 2019లో చట్టం మార్చి జరిమానాను ఇంతకు పెంచారు. రోడ్డు మీద పట్టుకున్నప్పుడు వసూలు చేసే మొత్తం రాష్ట్రాన్ని బట్టి తక్కువ ఉండవచ్చు. కానీ కోర్టు దాకా పోతే చట్టంలో ఉన్నది ఇది.

"బండి చూడకుండానే సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్ళున్నారు కదా" అంటారు కొందరు. ఉన్నారు. ఆ కాగితం పోలీసుకు చూపించవచ్చు. ఊపిరితిత్తులకు చూపించలేం. డబ్బిచ్చి అబద్ధం కొనుక్కోవడమే అది. బండిలో ఏ జబ్బుందో చెప్పే పరీక్షను చేతులారా పోగొట్టుకున్నట్టు కూడా.

కూలి ఎందుకు వద్దన్నాడు?

వదిన అనుమానం గుర్తుందా? ఆ పాత డబ్బా ఇనుప తుక్కు కాదు. దానిలో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉన్నాయి. ఒక్కో డబ్బాలో ఉండేది కొద్ది గ్రాములే. కానీ 2021లో రోడియం ధర బంగారం ధరకు పది రెట్లు దాటిపోయింది. ఆ కాలంలో గుజరాత్, మహారాష్ట్రలో రాత్రిపూట నిలిపి ఉన్న వ్యాన్ల సైలెన్సర్లను దొంగలు ఎత్తుకుపోయారు. ఈ పూత కోసమే.

చెడిపోయిన డబ్బాకు కూడా ధర ఉంటుంది. తేనెపట్టు కరిగినా లోహం పోదు. అందుకే కూలి వద్దన్నాడు. చెవి కమ్మలు ఉచితంగా మెరుగుపెట్టి ఇస్తాననేవాడిని మనం నమ్ముతామా?

అందరు మెకానిక్కులూ ఇట్లా చేస్తారని కాదు. మూసుకుపోయింది తీస్తే బండి నడుస్తుందని నిజంగా నమ్మి చెప్పేవాళ్ళే ఎక్కువ. వాళ్ళతో పోట్లాడక్కర్లేదు. "పాత సామాను మాకివ్వండి. బిల్లు రాయండి" అంటే చాలు. ఈ మాట ఏ రిపేరుకైనా పనికొస్తుంది. మిక్సీ రిపేరైనా సరే.

వదినకు సంఘం నుంచి అవసరానికి అప్పు ఇచ్చారు. అందరూ ఒప్పుకోలేదు. ఇద్దరు వద్దన్నారు. పాత అప్పు కంతులు రెండు వెనకపడి ఉన్నాయని వాళ్ళ మాట. అది కూడా న్యాయమే. చివరికి ఆరు కంతుల్లో కట్టేటట్టు తీర్మానం రాసుకున్నారు. పాత డబ్బా అమ్మిన డబ్బు ముందు సంఘానికే జమ చేయాలని పెద్దక్క షరతు పెట్టింది. వదిన సంతకం పెట్టింది.

కొత్త డబ్బా బిగించాక వ్యాను మిట్ట ఎక్కింది. కాగితంలో సి.ఓ. 0.3 వచ్చింది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. కన్వర్టరు పొయ్యి మీది పెనం కన్నా ఎక్కువ కాగుతుంది. బండి ఆపిన చాలాసేపటి దాకా చల్లారదు. కాబట్టి ఎండుగడ్డి మీద, శనక్కాయ కట్టె మీద బండి ఆపకండి. కళ్ళంలోకి తీసుకుపోయినప్పుడు ఇది గుర్తుంచుకోండి. గడ్డి అంటుకున్న సంగతులున్నాయి. పిల్లలు బంతి కోసం బండి కిందికి దూరితే కేకేసి ఆపండి.

చేసి చూడండి

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న బండి పొల్యూషను కాగితం అడిగి తీసుకోండి. బండి నంబరు పైకి చదవండి. గడువు తీరే తేదీ ఏది? ఆ తేదీ దాటిపోయిందా? సి.ఓ. అంకె ఎంత? పక్కన ఉన్న హద్దు ఎంత?

ఒక బి.ఎస్. 3 పెట్రోలు వ్యాను కాగితంలో ఇట్లా ఉంది: సి.ఓ. 0.4, హెచ్.సి. 820. సెంటరులో పాస్ అన్నారు. మీరేమంటారు? ఎందుకు?

అదే వ్యానుకు జూన్ 10న పరీక్ష చేశారు. మళ్ళీ ఏ నెలలో చేయించాలి? వేళ్ళ మీద లెక్కపెట్టి, నోటుపుస్తకంలో రాయండి.